టీపీఎన్‌లో ఫాస్ఫేట్ మానేస్తే సేఫేనా? కాల్షియంతో కలిస్తే పేరుకుపోతుందంటున్నారు

నైట్‌షిఫ్ట్_సిస్టర్:
అందరికీ నమస్తే. ఒక ప్రైవేట్ ఎన్ఐసీయూలో (పసికందుల ఐసీయూ) పనిచేస్తున్నా. మాకు టీపీఎన్ (నోటితో తీసుకోలేని బిడ్డకి రక్తనాళంలోకి ఎక్కించే పోషక ద్రవం) బయట నుంచి తయారై రాదు, లామినార్ ఫ్లో (శుభ్రమైన గాలి వీచే అద్దాల పెట్టె) కింద మేమే కలుపుతాం. అమైనో యాసిడ్, డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్), సోడియం, పొటాషియం, మెగ్నీషియం, కాల్షియం గ్లూకోనేట్ ఒక బ్యాగ్‌లో. లిపిడ్ (కొవ్వు ద్రవం) వేరే సిరంజిలో. ఫాస్ఫేట్ మాత్రం ముట్టుకోం. ఎందుకని అడిగితే సీనియర్లు "కాల్షియంతో కలిస్తే తెల్లగా పేరుకుంటుంది, ఎందుకొచ్చిన గొడవ" అంటారు. కొత్తగా వచ్చిన డాక్టర్ మేడమ్ మొన్న రౌండ్స్‌లో 28 వారాలకి పుట్టిన ఒక బాబు రిపోర్ట్ చూసి, ఫాస్ఫరస్ (రక్తంలో ఫాస్ఫేట్ కొలత) ఇంత పడిపోతే ఎవరూ చూడలేదా అని గట్టిగానే అడిగారు. ఆవిడ వెయ్యమంటారు, ఫార్మసీ వద్దంటుంది, కలిపేది మేము. టెన్షన్ అంతా మాకే. రెండూ ఒకే బ్యాగ్‌లో వెయ్యొచ్చా, కూడదా?

కొత్తపీజీ:
మా హాస్టల్ నోట్స్‌లో ఒకటే లైన్ ఉంది సిస్టర్: "కాల్షియం, ఫాస్ఫేట్ కలపరాదు." వైవాలో అదే చెప్పా, మార్కులు కూడా పడ్డాయి.

మందులకొట్టు_కాదు:
పీజీ గారూ, ఆ మార్కులు వెనక్కిచ్చెయ్యండి. నోట్స్‌లో ఉన్నది సగం మాటే.

ఆంప్యూల్‌లో ఉన్నవి ఉన్నట్టుగా, పలచన చెయ్యకుండా కలపకూడదు. అంతవరకు నిజం. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్ ఉన్న సిరంజిలోకి పొటాషియం ఫాస్ఫేట్ లాగితే కళ్ళముందే తెల్లబడుతుంది. నేను పెద్దాసుపత్రి ఫార్మసీలో టీపీఎన్ యూనిట్ చూస్తాను. కొత్తగా చేరినవాళ్ళకి ఎక్స్‌పైరీ అయిన మందులతో ఇది చేసి చూపిస్తుంటా. ఒక ట్యూబ్‌లో రెండూ నేరుగా పోస్తాం. ఇంకోదాంట్లో ముందు అమైనో యాసిడ్, డెక్స్‌ట్రోజ్ పోసి, కొద్దిగా ఫాస్ఫేట్ వేసి, బాగా తిప్పి, అన్నిటికంటే చివర కాల్షియం వేస్తాం. మొదటిది తెల్లటి మడ్డి. రెండోది తేటగా ఉంటుంది.

ఆ తేట చూసి సంతోషపడొద్దు. దాన్ని వార్మర్ (బిడ్డని వెచ్చగా ఉంచే పరికరం) పక్కన రాత్రంతా ఉంచి, పొద్దున నల్ల కాగితం ముందు లైటు వేసి మెల్లగా తిప్పి చూడండి. మోతాదులు ఎక్కువైతే అడుగున సన్నటి పలుకులు మెరుస్తాయి. కలిపినప్పుడు బాగుంది కదా అని పంపేసిన బ్యాగ్, బిడ్డకి ఎక్కుతున్న పదో గంటలో పలుకు కట్టొచ్చు. అసలు భయం అక్కడుంది.

కాబట్టి వెయ్యొచ్చు. ఎంత, ఏ వరసలో, ఏ అమైనో యాసిడ్‌లో, ఎంత నీటిలో అన్నది లెక్క కట్టి వెయ్యాలి.

న్యూజెర్సీ_ఫార్మసీ:
పైన చెప్పిందానికి ఒక పాత సంగతి కలుపుతా. ఇక్కడ మా ట్రైనింగ్ మొదటి రోజే ఇది చెబుతారు. 1994 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఒక సేఫ్టీ అలర్ట్ ఇచ్చింది. టీపీఎన్ ఎక్కించిన వాళ్ళలో ఇద్దరు చనిపోయారు, కనీసం మరో ఇద్దరికి ఊపిరి తీవ్రంగా ఇబ్బంది అయింది. పోస్ట్‌మార్టంలో ఊపిరితిత్తుల సన్నటి రక్తనాళాల నిండా కాల్షియం ఫాస్ఫేట్ కనిపించింది. అది అమైనో యాసిడ్, గ్లూకోజ్, లిపిడ్ మూడూ ఒకే బ్యాగ్‌లో కలిపిన ద్రవం. లిపిడ్ తెల్లగా ఉంటుంది కదా, అందులో అవక్షేపం (పేరుకున్న పలుకులు) ఉన్నా కంటికి ఆనదు.

ఆ అలర్ట్‌లో చాలామంది చదవకుండా దాటేసే మాట ఒకటుంది. కాల్షియం కరుగుతుందా లేదా అన్నది బ్యాగ్ చివరి వాల్యూమ్‌తో చూడకూడదు, కాల్షియం పడే క్షణాన అందులో ఎంత ద్రవం ఉందో దానితో చూడాలి. ఉదాహరణకి 2 లీటర్ల పెద్దవాళ్ళ బ్యాగ్‌లో 15 మిల్లీమోల్ (పదార్థం ఎంతుందో కొలిచే యూనిట్) కాల్షియం వేస్తున్నారనుకోండి. కాగితం మీద లీటరుకి 7.5. కానీ 500 మి.లీ. లిపిడ్ చివర్లో పడుతుంది కాబట్టి, కాల్షియం వేసేటప్పుడు ఉన్నది 1.5 లీటర్లే. అంటే లీటరుకి 10. అప్పుడు పేరుకున్న పలుకు తర్వాత లిపిడ్ పోశాక తిరిగి కరగదు, కనబడకుండా దాక్కుంటుంది అంతే.

ఇంకొకటి. కొన్ని కంపెనీల అమైనో యాసిడ్ ద్రవాల్లో ముందే ఫాస్ఫేట్ ఉంటుంది. లేబుల్ చదవకుండా సున్నా అనుకుని లెక్క మొదలెడితే తప్పుతుంది.

బయోకెమ్_మాస్టారు:
ఎందుకు పేరుకుంటుందో తెలిస్తే సగం నియమాలు బట్టీ పట్టక్కర్లేదు.

ఫాస్ఫేట్ ద్రవంలో రెండు రూపాల్లో ఉంటుంది. రెండు హైడ్రోజన్లు ఉన్నది ఒకటి, ఒక హైడ్రోజన్ ఉన్నది ఇంకొకటి. మొదటిది కాల్షియంతో కలిస్తే వచ్చే లవణం లీటరు నీటిలో 18 గ్రాముల దాకా కరుగుతుంది. రెండోది కలిస్తే వచ్చే లవణం లీటరుకి 0.3 గ్రాములే. అరవై రెట్ల తేడా! ఏ రూపం ఎంత ఉండాలో తేల్చేది పీహెచ్, అంటే ద్రవం ఎంత ఆమ్లమో చెప్పే అంకె; అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ. 7.2 దగ్గర రెండూ సగం సగం. కిందికి దిగేకొద్దీ కరిగే రూపం పెరుగుతుంది, పైకి పోయేకొద్దీ ప్రమాదమైనది పెరుగుతుంది. అమైనో యాసిడ్ గాఢత ఎక్కువుంటే ఎందుకు మంచిదంటే, అది పీహెచ్‌ని కిందే పట్టి ఉంచుతుంది, కొంత కాల్షియంని తనతో కట్టేసుకుంటుంది. డెక్స్‌ట్రోజ్ కూడా కాస్త ఆమ్లమే.

వేడి సంగతి తెలివైన విద్యార్థుల్ని కూడా బోల్తా కొట్టిస్తుంది. వేడి చేస్తే ఏదైనా బాగా కరుగుతుందని స్కూల్ నుంచీ మన బుర్రలో ఉంది. ఇక్కడ ఉల్టా. వెచ్చబడేకొద్దీ గ్లూకోనేట్ నుంచి కాల్షియం ఎక్కువగా విడిపోతుంది, ఫాస్ఫేట్ కూడా ప్రమాదకరమైన రూపం వైపు జరుగుతుంది. ఫ్రిజ్‌లో తేటగా ఉన్న బ్యాగ్ మే నెలలో, ఏసీ సరిగ్గా పనిచెయ్యని వార్డులో తేటగా ఉంటుందన్న గ్యారంటీ లేదు. సిస్టర్ గారి వార్డులో లైన్ కొంత భాగం వార్మర్ కిందే పోతుంది కదా, పసిపిల్లలకి గంటకి నాలుగైదు మి.లీ. చొప్పున నెమ్మదిగా. ఆ వేడిలో ద్రవం ఎంతసేపు నిలుస్తుందో ఆలోచించండి.

కాల్షియం క్లోరైడ్ కంటే గ్లూకోనేట్ వాడమనేది కూడా ఇందుకే. క్లోరైడ్ పడగానే పూర్తిగా విడిపోతుంది.

కొత్తపీజీ:
మాస్టారూ, అయితే బైకార్బొనేట్? ఎసిడోసిస్ (రక్తంలో ఆమ్లం పెరగడం) ఉన్న బిడ్డకి టీపీఎన్‌లోనే వేసెయ్యమని ఒక సీనియర్ చెప్పారు.

బయోకెమ్_మాస్టారు:
వద్దు బాబూ. పీహెచ్ పైకి పోతుంది, పైగా కాల్షియం కార్బొనేట్ అని ఇంకో కొత్త అవక్షేపం. దానికి బదులు ఎసిటేట్ వాడతారు, అది శరీరంలో బైకార్బొనేట్‌గా మారుతుంది.

పాతకాపు_కాంపౌండర్:
అందరూ పెద్దాసుపత్రుల లెక్కలు చెబుతున్నారు. చిన్న ఊళ్ళో మా బతుకు చూడండి. ఫిల్టర్ సెట్ అడిగితే స్టాక్ లేదంటారు. కలిపేది ఎవరో, ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్ళు. ఇలాంటి చోట ఫాస్ఫేట్ మానేస్తే ఎవరి ప్రాణం పోదు. వేసి పేరుకుంటే పోతుంది. సీనియర్లు ఊరికే వద్దనలేదమ్మా.

పిల్లల_డాక్టరు:
కాపు గారూ, మీ భయం అర్థమైంది. కానీ ప్రాణం పోదన్న మాట ఒప్పుకోను.

నెలలు నిండని బిడ్డకి మొదటి రోజు నుంచే అమైనో యాసిడ్ ఇస్తున్నాం. కణాలు పెరగడం మొదలవుతుంది, పెరిగే కణం రక్తంలోంచి ఫాస్ఫేట్‌ని లాక్కుంటుంది. మనం ఇవ్వకపోతే రక్తంలో ఫాస్ఫరస్ పడిపోతుంది. అప్పుడు శరీరం ఎముకని కరిగించి తెచ్చుకుంటుంది, దానితోపాటు కాల్షియం కూడా బయటికొచ్చి రక్తంలో పెరుగుతుంది. డ్యూటీ డాక్టర్ రిపోర్ట్‌లో కాల్షియం ఎక్కువ చూసి టీపీఎన్‌లో కాల్షియం తగ్గిస్తారు. అసలు లోటు ఫాస్ఫేట్‌ది! గర్భంలో సరిగ్గా పెరగని బిడ్డల్లో ఇది ఇంకా తొందరగా, ఇంకా ఎక్కువగా కనిపిస్తుంది. ఫాస్ఫరస్ మరీ పడిపోతే ఊపిరి తీసే కండరాలు బలహీనపడతాయి, వెంటిలేటర్ నుంచి బయటికి తీయడం కష్టమవుతుంది. వారాల తరబడి సాగితే ఎముకలు పెళుసు.

యూరప్ పిల్లల పోషణ సంఘాలు 2018లో ఇచ్చిన సూచనల్లో మొదటి రోజులకి కిలోకి రోజుకి కాల్షియం 0.8 నుంచి 2 మిల్లీమోల్, ఫాస్ఫేట్ 1 నుంచి 2 మిల్లీమోల్ అన్నారు. అంటే తొలి రోజుల్లో కాల్షియం కంటే ఫాస్ఫేట్ తగ్గకూడదు. మన దగ్గర చాలా యూనిట్లలో ఫాస్ఫేట్ గడి ఖాళీగా ఉంటుంది. దాన్ని జాగ్రత్త అనడం నాకు నచ్చదు.

ఒకరోజు కాల్షియం, ఒకరోజు ఫాస్ఫేట్ ఇచ్చే పద్ధతి కూడా చూశాను. రెండూ ఒకేసారి అందితేనే ఎముకలో చేరేది. విడివిడిగా ఇస్తే చాలా భాగం మూత్రంలో పోతుంది.

నైట్‌షిఫ్ట్_సిస్టర్:
డాక్టర్ గారూ, మా మేడమ్ అచ్చం ఇదే అన్నారు. మరి ఒక బిడ్డ లెక్క వేసి చూపిస్తారా? 1.2 కిలోలు.

పిల్లల_డాక్టరు:
చూద్దాం. బిడ్డ కాస్త కుదుటపడి పెరుగుతున్న దశ అనుకుందాం. కాల్షియం కిలోకి 2 మిల్లీమోల్, మొత్తం 2.4. మన 10 శాతం గ్లూకోనేట్‌లో మి.లీ.కి సుమారు 0.23 మిల్లీమోల్ ఉంటుంది కాబట్టి 10 మి.లీ. పైచిలుకు. ఫాస్ఫేట్ కిలోకి 1.5, మొత్తం 1.8. మి.లీ.కి 3 మిల్లీమోల్ ఉండే పొటాషియం ఫాస్ఫేట్ అయితే 0.6 మి.లీ. చాలు. దానితో పొటాషియం 2.64 మిల్లీ ఈక్వివలెంట్లు కలిసొస్తుంది, కిలోకి 2.2. విడిగా పొటాషియం క్లోరైడ్ రాసి ఉంటే కొట్టెయ్యాలి. ఇది మరిస్తే అవక్షేపం కంటే ముందు గుండె ఆగుతుంది. మీ ఆంప్యూల్ మీద ఏ బలం రాసుందో ముందు చూసుకోండి, అన్నీ ఒకటి కావు.

ఇప్పుడు లిపిడ్ కాకుండా ద్రవం కిలోకి 120 మి.లీ. అయితే బ్యాగ్ 144 మి.లీ. కాల్షియం లీటరుకి 16.7 మిల్లీమోల్, ఫాస్ఫేట్ 12.5. మర్నాడు ఎకోలో (గుండె స్కాన్) డక్టస్, అంటే పుట్టాక మూసుకుపోవాల్సిన గుండె దగ్గరి రక్తనాళం, తెరిచి ఉందని తేలింది, ద్రవం 80కి తగ్గించమన్నారు. బ్యాగ్ 96 మి.లీ. అయింది. మోతాదు ఏమీ మారలేదు, ఆర్డర్ షీట్ మీద అవే అంకెలు. కానీ కాల్షియం లీటరుకి 25, ఫాస్ఫేట్ 18.75. నిన్న తేటగా ఉన్నది ఇవాళ ఎందుకు మబ్బేసిందని తలపట్టుకునేది ఇలాంటి రోజే.

మందులకొట్టు_కాదు:
మేము రెండు గాఢతల్నీ గుణించి చూస్తాం. ఒక గీత దాటితే ఆర్డర్ వెనక్కి పంపిస్తాం. పై లెక్కలో మొదటి రోజే 208 దాటింది, రెండో రోజు 468. పొటాషియం ఫాస్ఫేట్‌తో అయితే ఈ రెండు రోజుల బ్యాగ్‌లూ నేను కలపను.

న్యూజెర్సీ_ఫార్మసీ:
అన్నా, వెనక్కి పంపడం కరెక్టే, కానీ ఆ గుణకారం మీద నాకు నమ్మకం లేదు. ఆ ఒక్క అంకెలో పీహెచ్ లేదు, అమైనో యాసిడ్ గాఢత లేదు, ఉష్ణోగ్రత లేదు. కాల్షియం 30, ఫాస్ఫేట్ 5 అయినా 150, కాల్షియం 10, ఫాస్ఫేట్ 15 అయినా 150. రెండూ ఒకేలా ప్రవర్తించవు. మీరు వాడే అమైనో యాసిడ్ బ్రాండ్‌కి, ఆ శాతానికి వేసిన కరిగే గీత చార్ట్ (ఎంతవరకు పేరుకోకుండా కరిగి ఉంటాయో చూపేది) కంపెనీ దగ్గర అడిగి తెచ్చుకోండి. ఒక బ్రాండ్ చార్ట్ ఇంకో బ్రాండ్‌కి పనికిరాదు. టెండర్ మారి బ్రాండ్ మారినప్పుడు చార్ట్ కూడా మార్చాలి. మా దగ్గర పసిపిల్లల బ్యాగ్‌లో సిస్టీన్ హైడ్రోక్లోరైడ్ కలుపుతాం, దాంతో పీహెచ్ ఇంకా దిగి రెండిటికీ కాస్త ఎక్కువ చోటు దొరుకుతుంది.

మందులకొట్టు_కాదు:
చార్ట్ ఉన్నచోట చార్టే, ఒప్పుకుంటా. లేనిచోట ఏదో ఒక గీత ఉండాలి కదా? గీత లేకపోతే "తేటగానే ఉందిగా" అని పంపేస్తారు.

న్యూజెర్సీ_ఫార్మసీ:
ఆపడానికి ఆ గీత వాడండి, అభ్యంతరం లేదు. ఓకే చెప్పడానికి మాత్రం వాడకండి.

ఒక_నాన్న:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మా పాప నెలలు నిండకముందే పుట్టింది, ఎన్ఐసీయూలో ఉంది. లైన్‌లో ఒక ట్యూబ్‌లో తెల్లగా పాలలా పోతోంది. ఇదంతా చదివాక కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. అది పేరుకున్నదేనా?

నైట్‌షిఫ్ట్_సిస్టర్:
అన్నయ్యా, ట్యూబ్ అంతా ఒకే తెలుపుగా ఉంటే అది లిపిడ్, అంటే కొవ్వు. బిడ్డ ఎదగడానికి ఇచ్చేదే. అక్కడి సిస్టర్‌ని "ఇది లిపిడేనా" అని అడగండి, చూపించి చెబుతారు. అడగడానికి మొహమాటపడకండి.

పిల్లల_డాక్టరు:
సిస్టర్ చెప్పింది నిజం. తేటగా ఉండాల్సిన ట్యూబ్‌లో పలుకులు, పోగులు, మబ్బు కనిపిస్తే, లేదా తెల్లటి లిపిడ్ పాలు విరిగినట్టు విడిపోయి పైన పసుపు నూనె తేలితే అప్పుడు వెంటనే చెప్పాలి. పైన పలచటి మీగడ పొర కట్టి, మెల్లగా తిప్పితే కలిసిపోయేది వేరు. విరిగింది మళ్ళీ కలవదు.

ఒక_నాన్న:
అడిగాను. లిపిడేనట. చాలా థాంక్స్ అండీ.

మోడరేటర్:
ఇక్కడి లెక్కలు అర్థం చేసుకోవడానికి మాత్రమే. మీ బిడ్డ మోతాదు మీ డాక్టరే నిర్ణయిస్తారు. రిపోర్టులు, ఆసుపత్రి పేర్లు పోస్ట్ చెయ్యకండి.

కొత్తపీజీ:
మూడూ ఒకే బ్యాగ్‌లో ఉన్నప్పుడు కంటికి కనబడదంటున్నారు. మరి ఎలా పట్టుకోవాలి?

న్యూజెర్సీ_ఫార్మసీ:
అందుకే ఫిల్టర్. 1994 అలర్ట్‌లో లిపిడ్ ఉన్నదానికి 1.2 మైక్రాన్ రంధ్రాల ఫిల్టర్, లేనిదానికి 0.22 మైక్రాన్ అన్నారు. ఇప్పుడు అమెరికా పోషణ నిపుణుల సంఘం అన్నిటికీ 1.2 చాలని చెబుతోంది. లిపిడ్ వేరే సిరంజిలో పోతుంటే రెండూ కలిసిన చోటుకి కింద, బిడ్డకి దగ్గరగా పెట్టాలి.

ఒక చెడ్డ అలవాటు గురించి చెప్పాలి. ఫిల్టర్ జామ్ అయి పంప్ అలారం కొడితే, ఫిల్టర్ తీసేసి నేరుగా కలిపేవాళ్ళున్నారు. ఆ అలారం దేనికి మోగిందో ఒక్క క్షణం ఆలోచించరా? బ్యాగ్ ఆపి, ఫార్మసీకి పంపండి. ఆలోగా డెక్స్‌ట్రోజ్ పెట్టుకోండి.

మందులకొట్టు_కాదు:
సెఫ్ట్రియాక్సోన్ మాట ఎవరూ ఎత్తలేదు. అది కూడా కాల్షియంతో అవక్షేపం కడుతుంది. పసిపిల్లల మరణాల తర్వాత 2007లో ఎఫ్‌డీఏ హెచ్చరించింది. 28 రోజుల లోపు బిడ్డకి కాల్షియం ఉన్న ద్రవం ఎక్కుతుంటే, లేదా ఎక్కించాల్సి ఉంటే, సెఫ్ట్రియాక్సోన్ అసలు వాడకూడదు, వేరే లైన్ అయినా సరే. టీపీఎన్‌లో కాల్షియం ఉంటుందని యాంటీబయాటిక్ రాసేవాళ్ళకి గుర్తుండదు. పెద్దవాళ్ళకి ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో లైన్ బాగా ఫ్లష్ చేసి ఇవ్వొచ్చు. ఒకే వై-పోర్ట్‌లో (రెండు లైన్లు కలిసే చోటు) ఒకేసారి మాత్రం కుదరదు.

అలాగే విటమిన్ సి. పెద్ద మోతాదులో వేసి నిల్వ ఉంచితే అది విరిగి ఆక్సాలేట్ అవుతుంది, కాల్షియంతో కలిసి పేరుకుంటుంది.

బయోకెమ్_మాస్టారు:
ఫాస్ఫరస్ రిపోర్ట్ చుట్టూ ఇంత చర్చ నడిచింది కాబట్టి టాపిక్ కాస్త పక్కకి. రక్తంలో ఫాస్ఫరస్‌ని మాలిబ్డేట్‌తో నీలం రంగు తెప్పించి కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్ నుంచి ప్రచురించింది సైరస్ ఫిస్క్, మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. మా ల్యాబ్‌లో పిల్లలు ఇప్పటికీ ఆ ప్రయోగం చేస్తారు. ఆయన ఊరివాళ్ళం ఫాస్ఫరస్ కొలవడమే మానేస్తే ఎలా?

పాతకాపు_కాంపౌండర్:
హహ, మాస్టారు బాగానే తగిలించారు. సరే, ఒప్పుకున్నా అనుకోండి. ఫిల్టర్ లేదు, చార్ట్ లేదు. అప్పుడు ఏం చెయ్యమంటారు?

పిల్లల_డాక్టరు:
సోడియం గ్లిసరోఫాస్ఫేట్. సేంద్రియ ఫాస్ఫేట్. ఇందులో ఫాస్ఫేట్ గ్లిసరాల్‌కి అంటుకుని ఉంటుంది, శరీరంలోకి వెళ్ళాకే ఎంజైమ్ దాన్ని విడదీస్తుంది. బ్యాగ్‌లో ఉన్నంతసేపూ కాల్షియం చేతికి చిక్కదు. మామూలుగా వాడే గాఢతల్లో పేరుకునే సమస్య దాదాపు ఉండదు. 2013లో ఫాస్ఫేట్ కొరత వచ్చినప్పుడు అమెరికా కూడా దీన్ని తాత్కాలికంగా దిగుమతి చేసుకుంది. ఖరీదు ఎక్కువ, అన్నిచోట్లా దొరకదు. అయినా ఫిల్టర్ అవసరం పోదు.

అదీ లేకపోతే ఫాస్ఫేట్‌ని విడిగా, బాగా పలచన చేసి, వేరే లైన్‌లో కొన్ని గంటలపాటు నెమ్మదిగా ఇవ్వొచ్చు. ఇందాక చెప్పిన మూత్రం నష్టం కొంత ఉంటుంది, పొటాషియం మీద కన్నేసి ఉంచాలి. అయినా అసలు ఇవ్వకపోవడం కంటే నయం. తల్లిపాలు ఎంత తొందరగా పెంచగలిగితే ఈ తిప్పలు అంత తగ్గుతాయి.

కొత్తపీజీ:
పొరపాటున లైన్‌లోనే పేరుకుని మూసుకుపోతే?

మందులకొట్టు_కాదు:
కాల్షియం ఫాస్ఫేట్ అయితే చాలా పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, 0.1 నార్మల్, కరిగించే పద్ధతి ఉంది. కొవ్వు అడ్డుపడితే 70 శాతం ఇథనాల్. ఏది అడ్డుపడిందో తెలియకుండా రెండూ ముట్టుకోవద్దు, ఆ ఇథనాల్ కొన్ని రకాల కాథెటర్లని పాడుచేస్తుంది. సిరంజితో బలంగా తోయడం అసలే వద్దు, ఆ పలుకు ఎక్కడికి వెళ్తుందో మీకు తెలుసు.

నైట్‌షిఫ్ట్_సిస్టర్:
అప్‌డేట్. మేడమ్, ఫార్మసీ సర్ కూర్చుని మాట్లాడుకున్నారు. గ్లిసరోఫాస్ఫేట్ తెప్పించారు, 1.2 ఫిల్టర్లకి ఇండెంట్ పెట్టారు. కలిపే వరస కాగితం మీద రాసి లామినార్ అద్దానికి అతికించాం: ముందు అమైనో యాసిడ్, డెక్స్‌ట్రోజ్, తర్వాత ఫాస్ఫేట్, మిగతావి, చివర కాల్షియం, ప్రతిదానికీ వేరే సిరంజి, మధ్యమధ్యలో బ్యాగ్ తిప్పడం. ఒక డౌట్. ఇదే 1.2 కిలోల బిడ్డకి 1.8 మిల్లీమోల్ అంటే 1.8 మి.లీ. వెయ్యాలా?

మందులకొట్టు_కాదు:
వయల్ మీద మి.లీ.కి 1 మిల్లీమోల్ ఫాస్ఫేట్ అని ఉంటే అవును సిస్టర్. పక్కనే మి.లీ.కి 2 మిల్లీమోల్ సోడియం అని కూడా ఉంటుంది, అది వదలకండి. 1.8 మి.లీ.తో సోడియం 3.6 వస్తుంది, బిడ్డకి కిలోకి 3. ఆర్డర్‌లో సోడియం క్లోరైడ్ విడిగా రాసి ఉంటే ఇవాళే మేడమ్‌కి చూపించి తగ్గించమనండి. పొటాషియం ఇందులో రాదు, కాబట్టి దాన్ని మళ్ళీ విడిగా రాయించుకోవాలి.